ఇత్తడి పేరుతో అల్యూమినియం అంటగడుతున్నాడు: బెంగళూరు విల్లు బ్యాచ్ జాగ్రత్త

ఎవరో మీకే అర్థమవుతుంది. వాట్సాప్‌లో బాణాల ఫోటోలు పెట్టి, ముందే యూపీఐ కొట్టించుకుని, బైక్ కుర్రాడితో పంపిస్తాడే, ఆయనే. "హెవీ సెట్, 550 గ్రెయిన్లు, 100 గ్రెయిన్ల ఇత్తడి ఇన్సర్ట్" అని పెట్టిన డజను కార్బన్ బాణాల జోలికి పోకండి. గ్రెయిన్ అంటే బాణాల బరువు చెప్పే చిన్న కొలత, ఇన్సర్ట్ అంటే పాయింట్‌ని (మొనను) బిగించడానికి షాఫ్ట్ (బాణం కర్ర) లోపల అతికించే లోహపు ముక్క.

కాగితం మీద లెక్క ముచ్చటగానే ఉంది. 500 స్పైన్ (ఎంత వంగుతుందో చెప్పే అంకె) షాఫ్ట్ 30 అంగుళాలు, అంగుళానికి 8.5 చొప్పున 255. పాయింట్ 175, ఇన్సర్ట్ 100, ఈకలూ, నారికి తగిలించే తోక ముక్కా (నాక్) కలిపి 20. కాటా మీద పెడితే 482. పోయిన 68 గ్రెయిన్లూ ఇన్సర్ట్‌లోనే పోయాయి. అది బంగారు రంగు పూసిన అల్యూమినియం. అదే సైజులో ఇత్తడి బరువులో మూడో వంతు కూడా తూగదు. ఇంకా తెలివేంటంటే డబ్బాలో పైన కనిపించే నాలుగూ అసలు ఇత్తడివే! కింద ఎనిమిదీ నకిలీ.

అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఏం సార్, బంగారమా తూకం వేసి తీసుకోడానికి?" అన్నాడు. బరువు కోసమే అమ్ముతున్న సరుకు, దాన్ని తూకం వేయకూడదట! పైగా "అతికించేశాక వాపసు లేదు" అన్నాడు. అతికించింది ఎవరు స్వామీ? హాట్‌మెల్ట్ (వేడికి కరిగే జిగురు) అయితే పాయింట్‌ని కాస్త వేడి చేసి లాగితే ఇన్సర్ట్ ఊడొచ్చేది. ఈయన ఎపాక్సీ పెట్టాడు. అది వదిలేంత వేడి పెడితే కార్బన్‌లోని రెసిన్ ముందు పాడవుతుంది. ఎందుకు పెట్టాడో ఇప్పుడు తెలిసింది.

68 గ్రెయిన్లే కదా అనుకోకండి. అవి ముందు భాగంలో తగ్గాయి. ఎఫ్‌ఓసీ, అంటే బాణం బరువు ఎంత ముందుకు ఉందో చెప్పే లెక్క, 23 శాతం దగ్గర ఉండాల్సింది 20కి దిగింది. ముందు బరువు తగ్గితే షాఫ్ట్ గట్టిగా ప్రవర్తిస్తుంది, కుడిచేతి వాళ్లకు బాణం ఎడమకు పోతుంది. తోక ఊపుకుంటూ వంకరగా తగిలిన బాణం లోపలికి దిగదు, ఊపంతా షాఫ్ట్ వంగడానికే ఖర్చవుతుంది. రెండు రకాలూ కలిపి వేస్తే ఒకటి పైన, ఒకటి కింద. రిలీజ్ (నారి వదలడం) బాలేదని మనల్ని మనమే తిట్టుకుంటూ కూర్చోవాలి.

పోస్టులో వేట బాణాల మీద పరీక్షలు చేసిన ఆష్బీ పేరు, 650 గ్రెయిన్లు దాటితే ఎముక చీలుతుందనే కథ కూడా వాడుకున్నాడు. అది విదేశీ వేటగాళ్ల లెక్క. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న దేశంలో మనం కొట్టేది గురి కోసం పెట్టిన ఫోమ్ పంది బొమ్మనే. దానికీ మోసమే.

ఇప్పటికే కొన్నవాళ్లు పాయింట్ విప్పి బాణాన్ని 0.01 గ్రాము చూపే నగల కాటా మీద పెట్టండి. గ్రాముకు 15.43 గ్రెయిన్లు. 24.3 గ్రాములు వస్తే ఇత్తడి, 20 దగ్గర ఆగితే నకిలీ. విడిగా పాయింట్ 11.3 ఉండాలి. అయస్కాంతంతో చూసి లాభం లేదు, రెండూ అంటుకోవు. ఇన్సర్ట్ అంచు మీద సూదితో గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియమే. డజనుకు డజనూ చూడండి, పైవి మాత్రమే కాదు. ఇన్సర్ట్ విడిగా ఇవ్వనంటే డబ్బులు పంపకండి.