12 ఏండ్లుగా వాడుతున్న కమ్మరి గొడ్డలి, దాని కామ (కట్టె పిడి) నాకు నేర్పింది

మాది జమ్మలమడుగు పక్కన పల్లె. ఈ గొడ్డలి 2013లో కొలిమి కాడ కూర్చోని లారీ కమాన్ కట్ట ముక్కతో కొట్టించుకున్నా, కేజిన్నర బరువు, ఇంట్లో గ్యాస్ ఉన్నా నీళ్ల పొయ్యికి కట్టెలు కావాల, చర్చిలో క్రిస్మస్ ప్రేమ విందుకి కూడా నేనే కొడతా కాబట్టి ఏడాది పొడుగునా దీంతోనే పని.

ఇనుముకి వంక పెట్టేదానికి లేదు. సర్కారు కంప పచ్చిమీద ఉన్నప్పుడైతే రెండు దెబ్బలకి చీలతాది. చింత మొద్దు మాత్రం చానా మొండిది, నార మెలి తిరిగి ఉంటాది, నడిమధ్యన కొడితే గొడ్డలి ఇరుక్కోని రాదు, అంచుల నుంచి పొరలు పొరలుగా తీసుకుంటా రావాల. మొండి మనిషితో మాట్లాడేటప్పుడు నాకు ఆ చింత మొద్దే గుర్తొస్తాది. పదును గురించి బైబిల్లో ప్రసంగి 10:10 ఉంది, ఇనుము మొద్దుబారితే ఎక్కువ బలం పెట్టాల అని, మొద్దు గొడ్డలితో అరగంట కొట్టినోడికి ఆ వచనం ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

నేను ముఖ్యంగా చెప్పాలనుకునేది కామ గురించి. మన సీమలో మే నెల ఎండకి కామ ఎండి సన్నబడి గొడ్డలి లొడలొడా ఊగుతాది. అందరం చేసేది ఒకటే, రాత్రి నీళ్ల తొట్టిలో వేసి పెడతాం, పొద్దన్నే చూస్తే కామ ఉబ్బి బిర్రుగా ఉంటాది. ఆ బిగువు ఒక పూట, మహా అంటే రెండు పూటలు. ఎండ తగిలితే మళ్లీ వదులే, పైగా మొదటికంటే ఎక్కువ వదులు, ఎందుకంటే ఉబ్బినప్పుడు ఆ కట్టె ఇనుప కన్నంలో నలిగిపోయి ఉంటాది. నేను ఏండ్ల తరబడి ఆదివారం చర్చిలో తడిసి బిగుసుకునేది, బుధవారానికి ఇంట్లో నోరు జారేది ఇట్లాగే.

ఒకసారి నా గొడ్డలి కొలిమిలో ఉంటే పక్కింటి మామ గొడ్డలి ఎరవు తెచ్చుకున్నా. ఊగుతా ఉందని చేతికి తెలుస్తానే ఉంది, నాలుగు మొద్దులే కదా అని కొట్టినా. మూడో దెబ్బకి ఇనుము ఊడి పోయి గొర్రెల దొడ్డి గోడకి తగిలింది, దానికి రెండడుగుల దూరంలో మా తమ్ముని కొడుకు నిలబడి ఉన్నాడు, వానికి ఆరేండ్లు. నా కాళ్లు వణికి అక్కడే కూలబడినా. ఆ రాత్రి ద్వితీయోపదేశకాండము 19 తీసినా, కట్టెలు కొట్టేటప్పుడు గొడ్డలి ఊడి పొరుగువాడు చనిపోతే కొట్టినోడు పారిపోయి బతకడానికి దేవుడు పట్టణాలు పెట్టిచ్చినాడు, అది తెలియక చేసినోడికి. నాకు తెలుసు కదా వదులుగా ఉందని. ఆ మాట దగ్గర చానాసేపు ఆగిపోయినా. రాజులు రెండో గ్రంథం 6లో ఇనుము నీళ్లలో పడినోడు కూడా ముందు అన్నది అయ్యో అది ఎరవు తెచ్చింది అనే. చేతిలో ఉన్న పిల్లోళ్లూ సంఘమూ ప్రాణమూ అన్నీ నాకు ఎరవు వచ్చినవే అని ఆ రాత్రే మనసుకి పట్టింది. పొద్దన్నే మామకి జరిగింది జరిగినట్టు చెప్పి కొత్త కామ నేనే వేసిచ్చినా, తమ్మునికి కూడా చెప్పినా, చెప్పడం కష్టమైంది కానీ చెప్పినా.

అప్పటి నుంచి నీళ్లలో నానబెట్టడం మానేసినా. ఊగితే కామ తీసి చెక్కి, కామ తలలో చీల దిగ్గొట్టి బిగిస్తా, గంట పడతాది, పట్టనీ. కొట్టే ముందు ప్రతిసారీ ఇనుము పట్టుకోని లాగి చూస్తా, పిల్లోళ్లని దూరంగా పంపిస్తా. ఆన్‌లైన్‌లో ఫైబర్ కామ గొడ్డళ్లు వస్తున్నాయి, ఎండకి వదులు కావంట, తీసుకునేవాళ్లు తీసుకోండి, నాకు మాత్రం ఈ కమ్మరి గొడ్డలే చాలు. దీనికి వేసేదానికి నల్లతుమ్మ కొమ్మ ఒకటి పోయినేడు కొట్టి అటక మీద పెట్టినా, ఇంకొంచెం ఆరాల.