మాతృ వందన దరఖాస్తు: అంగన్‌వాడీలోనా, ఫోన్‌లోనా?

ప్రధానమంత్రి మాతృ వందన పథకం కింద తొలి కాన్పుకి రెండు విడతల్లో 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఒకేసారి 6,000. ఫోన్‌లో పోర్టల్ తెరిచి మనమే నింపుకోవచ్చు, అర్ధరాత్రయినా సరే. కానీ మా లంకలో సిగ్నల్ కోసం గోదారి గట్టెక్కాలి, ఈలోగా ఓటీపీ గడువు అయిపోతుంది!

అందుకే మా మరదలిని అంగన్‌వాడీకి పంపాను. టీచరుగారు ఆధార్, తల్లీబిడ్డల కార్డు పక్కపక్కన పెట్టి చూశారు. ఒకదాంట్లో పుట్టింటి పేరు, ఇంకోదాంట్లో అత్తింటిది. ఫోన్ ఆ మాట చెబుతుందా? కాకపోతే ఆవిడ తీరిక చూసుకుని వెళ్లాలి.

బ్యాంకు ఖాతాకి ఆధార్ లింక్ లేకపోతే ఎలా పెట్టినా డబ్బు పడదు. బిడ్డ పుట్టిన 270 రోజుల్లోపు పెట్టేయాలి.