టైమరా, డబ్బా ఫోనా, హాల్లో ఛార్జరా?

"ఫోన్ చూడటం తగ్గించావట, ఏం చేశావ్?" అని ఈమధ్య ఆఫీసులో అడిగారు, పెళ్ళి భోజనాల దగ్గర అడిగారు, ఆఖరికి లిఫ్టులో కూడా అడిగారు. మూడు పద్ధతులు వాడి చూశాను కాబట్టి చెబుతున్నా.

మొదట టైమర్. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్, రెండూ 2018లో వచ్చినవే. ఇన్‌స్టాగ్రామ్‌కు అరగంట పెట్టుకున్నాను. రాత్రి పదిన్నరకల్లా ఆ అరగంట అయిపోయి ఐకాన్ బూడిద రంగుకు తిరిగేది. నేను సెట్టింగ్స్‌లోకి వెళ్ళి టైమర్ తీసేసేవాణ్ణి. మా ఆవిడ ఐఫోన్‌లో అంత శ్రమ కూడా లేదు, ఈ రోజుకు వదిలేయమనే బటన్ అక్కడే ఉంటుంది. దొంగ చేతికి తాళం చెవి ఇచ్చినట్టే.

అలాగని పరిమితి పనికిరాదని కాదు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో 143 మంది విద్యార్థులతో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోటి రోజుకు పది నిమిషాలకే పరిమితం చేస్తే, మూడు వారాల్లో వాళ్ళలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. నాకు చేతకానిది ఆ పరిమితి మీద నిలబడటం.

రెండోది డబ్బా ఫోన్, అంటే బటన్లు నొక్కే పాతరకం ఫోన్. మందు గట్టిదే. 467 మంది ఫోన్లలో రెండు వారాలు ఇంటర్నెట్ ఆపేసి, కాల్స్, మెసేజ్‌లు మాత్రం ఉంచిన అధ్యయనం 2025లో వచ్చింది. వాళ్ళ ఏకాగ్రత, మానసిక స్థితి రెండూ మెరుగయ్యాయి. ఓటీపీలకు ఇబ్బంది లేదు. 2022 నుంచి డబ్బా ఫోన్‌లో యూపీఐ కూడా ఉంది, కాకపోతే కూరగాయల బండి దగ్గర నంబర్లు నొక్కుతూ నిలబడితే వెనకవాళ్ళు ఊరుకోరు. నన్ను ఓడించింది మాత్రం స్కూల్ వాట్సాప్ గ్రూప్. "రేపు పసుపు రంగు డ్రెస్" అన్న మెసేజ్ నాకు చేరలేదు. క్లాసు మొత్తంలో మా పాప ఒక్కతే యూనిఫామ్‌లో వెళ్ళింది. పదకొండో రోజున డబ్బా ఫోన్ సొరుగులోకి పోయింది.

తెరను నలుపు తెలుపు చేయడం రెండు రోజుల ముచ్చట. మా ఆవిడ చీర ఫోటో పంపితే రంగు బాగుందన్నాను, దొరికిపోయాను. యాప్ తీసేస్తే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది.

ఇప్పుడు నడుస్తున్నది మూడోది. ఛార్జర్ హాల్లో ఫ్రిజ్ పక్కన. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ అక్కడికి వెళ్ళిపోతుంది, పడకగదిలో అలారం గడియారం. నా దృష్టిలో అసలు తేడా ఇదే: టైమర్ నన్ను అడిగేది పదిన్నరకు, అలిసిపోయి, ఏదడిగినా సరేననే స్థితిలో. ఛార్జర్ దగ్గర నిర్ణయం తొమ్మిదిన్నరకే అయిపోతుంది, అప్పటికి బుర్ర ఇంకా పనిచేస్తుంటుంది. తర్వాత మనసు లాగినా లేచి, తలుపు తీసి, హాల్లో దివాన్ మీద పడుకున్న అమ్మను దాటి వెళ్ళాలి. "ఏరా, నిద్ర పట్టట్లేదా?" అని ఆవిడ అడిగితే రీల్స్ కోసం వచ్చానని ఏ ముఖంతో చెప్పను?

టెక్సస్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో ఇలాంటిదే చూశారు: ఫోన్ బల్ల మీద పెట్టుకున్నవాళ్ళకంటే పక్క గదిలో వదిలినవాళ్ళు పరీక్షలు బాగా చేశారు. తర్వాత చేసినవాళ్ళందరికీ అదే ఫలితం రాలేదు. నా అనుభవం మాత్రం అటే మొగ్గుతోంది.

పగటి వాడకం దీనితో తగ్గదు, మెట్రోలో నా మెడ ఇంకా వంగే ఉంటుంది. రోజు మొత్తం లెక్క ఐదు గంటల నుంచి నాలుగుకు వచ్చిందంతే. కానీ పోయిన ఆ గంట అర్ధరాత్రి టెన్షన్ పెట్టే గంట. ఊళ్ళో పెద్దవాళ్ళున్నవాళ్ళు రింగర్ గట్టిగా పెట్టుకుంటే చాలు, హాల్లోంచి వినిపిస్తుంది. ఒక్క గదిలో ఉండేవాళ్ళకు అటకే హాలు.

గడియారం టిక్ టిక్ అననిది కొనండి. నేను మొదట తెచ్చింది ఇప్పుడు వంటింట్లో ఉంది.