గుండె రక్తనాళంలో స్టెంట్ పడ్డాక మళ్లీ పోటీ ఈత: కాలువలోనా, పూల్‌లోనా?

కార్డియాలజిస్టు ట్రెడ్‌మిల్ పరీక్ష చూసి సరేనన్నాకే ఈ ప్రశ్న. అరవై దాటిన గోదావరి డెల్టా ఈతగాళ్లకు కాలువ కొత్త కాదు, మారింది గుండె.

ఖర్చు: కాలువ ఉచితం. పూల్‌కి నెల రుసుము, టోపీ, కళ్లద్దాలు. పల్లెటూరైతే రాజమండ్రికో కాకినాడకో బస్సు ఛార్జీలు.

శ్రమ: 25 మీటర్ల పూల్‌లో పొడవుకోసారి గోడ దొరుకుతుంది. మొదట్లో 25 ఈది, ఊపిరి కుదుటపడ్డాక మరో 25, అలా ఎనిమిది సార్లతో ఆపొచ్చు. కాలువలో వాలుకు పోవడం తేలికే, తిరిగొచ్చే ఎదురీత ఎంత భారమో ముందే కొలవలేం.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. బీటా బ్లాకర్లనే గుండె మాత్రలు గుండె వేగాన్ని అణిచిపెడతాయి కాబట్టి నాడి లెక్కను నమ్మొద్దు. ఆగిన చోట పూర్తి వాక్యం మాట్లాడలేకపోతే జోరెక్కువైనట్టే. రక్తం పలచబరిచే మాత్రలు వేసుకునేవారికి రేవు రాయి గీరుకున్నా రక్తం త్వరగా ఆగదు. ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ అనే అంటు జ్వరం భయం వేరే. పూల్‌లో ముప్పు మనిషి మొండితనమే: పక్క లేన్ కుర్రాడితో పంతం, ఊపిరి బిగబట్టి నీటి అడుగున ఈదడం. రెండూ వద్దు. లైఫ్‌గార్డుకు స్టెంట్ సంగతి చెప్పండి.

అనుకూలత: వేసవిలో కాలువలు కట్టేస్తారు, వానాకాలంలో వరద. సాధన తెగిపోతుంది.

మాస్టర్స్ (పెద్దల ఈత పోటీల) పతకమే లక్ష్యమైతే పూల్. అక్కడ ఐదేళ్ల వయో విభాగాలుంటాయి. డైవ్ తప్పనిసరి కాదు, నీళ్లలోంచే గోడ తన్ని మొదలెట్టొచ్చు. ఆగకుండా 400 మీటర్లు హాయిగా ఈదగలిగి, గట్టున ఈతొచ్చిన తోడుండి, ప్రవాహం నెమ్మదిగా ఉన్న రోజున కాలువ.