కుడివైపు పొత్తికడుపు నొప్పి: అపెండిక్సా, అండాశయం మెలిపడిందా?

అమ్మాయికి కుడివైపు కింద కడుపులో నొప్పి అనగానే ఇంట్లో అందరి నోటా వచ్చే మాట అపెండిక్స్. చాలాసార్లు అదే నిజం కూడా, కానీ అండాశయం మెలితిరిగి రక్తం అందకుండా పోయే ఓవేరియన్ టార్షన్ కూడా సరిగ్గా అక్కడే నొప్పి పెడుతుంది, పైగా అది ఎడమకంటే కుడివైపే ఎక్కువ.

అపెండిసైటిస్ (అపెండిక్స్ వాపు) నొప్పి సాధారణంగా బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగుతుంది. ఆకలి చచ్చిపోతుంది, జ్వరం రావచ్చు. టార్షన్ చాలామందిలో ఉన్నట్టుండి పొడిచినట్టు వస్తుంది, దాంతోపాటే వాంతులు, మధ్యలో కాస్త తగ్గి మళ్లీ మొదలు. ఆ తగ్గడమే మోసం, గ్యాస్ అనుకుని ఇంట్లోనే ఉండిపోతారు! అండాశయంలో 5 సెం.మీ. దాటిన సిస్టు (ద్రవం నిండిన తిత్తి) ఉందని ముందే తెలిసినా, ఐవీఎఫ్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నా, ఆ విషయం డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.

ఏదైనా సరే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్. పెళ్లి కాలేదని దాన్ని వదిలేయడం నాకు అస్సలు నచ్చదు, గర్భాశయంలో కాక ట్యూబులో నిలిచిన గర్భం కూడా ఇలాగే నొప్పి పెడుతుంది, అది పగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

తర్వాత అల్ట్రాసౌండ్. అందులో అపెండిక్స్ తేలకపోతే సీటీ స్కాన్ ఉంది. టార్షన్‌కు మాత్రం రక్త ప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్‌లో రక్తప్రసరణ కనిపించినా మెలిక లేదని చెప్పలేం, అనుమానం గట్టిగా ఉంటే లాపరోస్కోపీతో (పొట్టకు చిన్న రంధ్రం చేసి కెమెరా పంపి) చూడాల్సిందే. అండాశయం నల్లబడినా మెలిక విప్పితే చాలాసార్లు కోలుకుంటుంది, కాబట్టి తీసేస్తామంటే ఉంచే వీలుందా అని తప్పక అడగండి. ముదరని అపెండిసైటిస్ కొందరిలో యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది, మెలికకు అలాంటి మందు లేదు.