ఏడు వేసవులు పుచ్చ, ఖర్బూజా పెంచాక: ఇంటికి ఏ రకాలు నిలిచాయి, ఏవి మానేశాను

మాది హైదరాబాద్ శివారు. ఇంటి వెనక నాలుగు మంచాలు పట్టేంత మట్టి నేల ఉంది, మిగతా సాగంతా మేడ మీద గ్రో బ్యాగుల్లోనే. ఏడేళ్లుగా ప్రతి జనవరిలో పుచ్చ, ఖర్బూజా విత్తనాలు పెడుతున్నాను, ఇప్పటికి పది రకాల దాకా వేసి చూశాను. కొత్తవాళ్లు అందరూ ముందు అడిగేది "ఏది బాగా తియ్యగా ఉంటుంది" అని, మొదట్లో నేనూ ప్యాకెట్ మీద బొమ్మ చూసి అలాగే కొన్నాను. ఇప్పుడు నేను చూసేది ఒక్కటే, కాయ పండేదాకా ఏ రకానికి ఆకు నిలబడుతుంది అని. తీపి తయారయ్యేది ఆకులోనే, అక్కడి నుంచే కాయలోకి వెళ్తుంది. కోతకు ముందు పదిపన్నెండు రోజుల్లో తెగులొచ్చి ఆకు ఎండిపోతే ఎంత పేరున్న రకమైనా లోపల ఎర్రగానే ఉంటుంది కానీ తింటే చప్పగా ఉంటుంది.

మొదట వేసింది షుగర్ బేబీ. 1950లలో అమెరికాలో వచ్చిన పాత రకం, మన దగ్గర ఏ విత్తనాల షాపులో అడిగినా దొరుకుతుంది. నల్లగా కనిపించే ముదురాకుపచ్చ తొక్క, గుండ్రటి కాయ, నేలలో నాకు మూడు కిలోలు, బ్యాగులో రెండు కిలోలు తూగింది. వాతావరణం పొడిగా ఉన్న ఏడాది దీని రుచికి వంక పెట్టలేం. కానీ మూడో ఏడాది ఫిబ్రవరి చివర్లో ఆలస్యంగా విత్తాను, ఏప్రిల్‌లో రెండుసార్లు అకాల వర్షం పడింది, బూజు తెగులు వచ్చి వారం తిరిగేసరికి పాదు మొత్తం గోధుమ రంగుకు తిరిగింది. ఆ ఏడాది కోసిన ఐదు కాయల్లో ఒక్కటీ తియ్యగా లేదు. అదే నేలలో రెండడుగుల దూరంలో ఉన్న అర్క మాణిక్ మాత్రం చివరిదాకా పచ్చగా ఉంది.

అర్క మాణిక్ బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్‌ఆర్) వాళ్ల పుచ్చ రకం. క్రిమ్సన్ స్వీట్ అనే అమెరికా రకాన్ని ఇంకో రకంతో కలిపి తయారుచేసింది, బూడిద తెగులును, బూజు తెగులును బాగా తట్టుకుంటుంది. లేతాకుపచ్చ తొక్క మీద చారలు, గుజ్జు ముదురు ఎరుపు, రుచి చాలా బాగుంటుంది. హైబ్రిడ్ కాదు కాబట్టి విత్తనం దాచుకోవచ్చు, నాలుగేళ్లుగా నేను మళ్లీ కొనలేదు. ఇబ్బందల్లా సైజుతోనే. కాయ ఐదారు కిలోలు వస్తుంది, తీగ పెరడంతా పాకుతుంది. నేల ఉన్నవాళ్లకైతే కళ్లు మూసుకుని చెప్తాను, మేడ మీద మాత్రం వద్దు.

మేడకు నాకు కుదిరింది అర్క ముత్తు. ఇదీ ఐఐహెచ్‌ఆర్ వాళ్లదే. కణుపులు దగ్గరదగ్గరగా ఉండి తీగ నాలుగడుగుల దగ్గరే ఆగుతుంది, కాయ రెండున్నర కిలోలకు అటూ ఇటూ, విత్తిన డెబ్భై అయిదు, ఎనభై రోజులకు చేతికొస్తుంది. అరవై లీటర్ల బ్యాగులో ఒకే మొక్క, దానికి ఒకే కాయ ఉంచుతాను. రెండు ఉంచిన ఏడాది రెండూ చిన్నవయ్యాయి, తీపీ తగ్గింది. రెండో పిందెను తుంచేయడానికి మనసు ఒప్పదు, తెలుసు, అయినా తుంచండి.

గింజలు లేని పుచ్చ జోలికి ఇంట్లో పెంచేవాళ్లు వెళ్లొద్దు. ఆన్‌లైన్‌లో నాలుగు గింజలు చాలా ఎక్కువ ధరకు కొన్నాను, ఒక్కటే మొలిచింది. ఆ మొక్క పుప్పొడి పనికిరాదని, కాయ పట్టాలంటే పక్కన మామూలు పుచ్చ మొక్క పూతలో ఉండాలని అమ్మినవాళ్లు ఎక్కడా రాయలేదు. నెలన్నర నీళ్లు పోసి పూలు రాలిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. చాలా బాధేసింది. పసుపు గుజ్జు హైబ్రిడ్లు మాత్రం రెండేళ్లు బాగానే వచ్చాయి, పిల్లలకు బాగా నచ్చాయి, కానీ ప్రతి ఏడాదీ విత్తనం కొనుక్కోవాల్సిందే.

ఇక ఖర్బూజా. మా సొంతూరు కడప వైపు. చిన్నప్పుడు వేసవిలో మా నాన్న సిద్ధవటం నుంచి ఖర్బూజాలు గోనెసంచిలో తెచ్చేవారు. పెన్న ఒడ్డున పండిన కాయలు, సంచి విప్పకముందే ఇల్లంతా వాసన. నేను ఖర్బూజా పెంచడం మొదలుపెట్టిందే ఆ వాసన కోసం, అందుకే ఇందులో నా కొలత కొంచెం కఠినంగా ఉంటుంది.

హరా మధు పంజాబ్ రకం, ఆకుపచ్చ గుజ్జు. పొడి గాలికి అలవాటుపడినది. మూడేళ్లు వేస్తే ఒక్క ఏడాది అద్భుతంగా వచ్చింది, మిగతా రెండేళ్లూ బూడిద తెగులుకు పోయింది. అప్పుడే ఎవరో చెప్తే గంధకం పొడి చల్లాను. ఆ ఎండకు ఆకులన్నీ అంచుల నుంచి మాడిపోయాయి. దోస కుటుంబం మొక్కలకు గంధకం పడదని, ఖర్బూజాకైతే అసలే పడదని తర్వాత తెలిసింది. దయచేసి మీరు ఆ పని చేయకండి. అర్క రాజహంస బూడిద తెగులును తట్టుకుంది, తెల్ల గుజ్జు, గట్టిగా కరకరలాడుతుంది, తీపి ఉంది, వాసన తక్కువ. అర్క జీత్ కాయ అరకిలో మాత్రమే ఉంటుంది కాబట్టి పందిరికి ఎక్కించి వల సంచిలో వేలాడదీయొచ్చు, స్థలం లేనివాళ్లకు ఇదే నా సలహా. పూసా శర్బతి ఢిల్లీ రకం, నారింజ గుజ్జు, వలలాంటి తొక్క. తెగులు దీనికీ వస్తుంది, కానీ త్వరగా కాపుకొస్తుంది కాబట్టి జనవరి మొదటి వారంలోనే పెడితే తెగులు ముదిరేలోపు కాయ చేతికొచ్చేస్తుంది. నాన్న తెచ్చిన సంచి వాసనకు దగ్గరగా వచ్చింది ఇదొక్కటే.

విత్తనం దాచుకునేవాళ్లు ఒకటి జాగ్రత్త పడాలి. మనం పప్పులో వేసుకునే పసుపు దోసకాయ, ఖర్బూజా రెండూ ఒకే జాతి, తేనెటీగ వాటి పుప్పొడిని కలిపేస్తుంది. ఆ ఏడాది కాయకు ఏమీ కాదు, తేడా దాని గింజల్లో ఉంటుంది. ఐదో ఏడాది నేను దాచిన శర్బతి గింజలు వేస్తే పుల్లగా కాక తియ్యగా కాక ఏదో దోసకాయ వచ్చింది, కారణం పక్క బ్యాగులోని దోసపాదు. ఇప్పుడు విత్తనానికి ఉంచే పువ్వును ముందు రోజు సాయంత్రమే పలుచని గుడ్డతో కట్టి, పొద్దున్నే నేనే పుప్పొడి అద్ది, మళ్లీ కట్టేస్తాను. పుచ్చకు దోసతో ఈ భయం లేదు, అది వేరే జాతి. కానీ రెండు రకాల పుచ్చ పక్కపక్కన ఉంటే అవీ కలుస్తాయి.

మేడ మీద తేనెటీగలు తక్కువ కాబట్టి ఎలాగూ పొద్దున ఎనిమిదిలోపు మొగపువ్వు తెంపి, అడుగున బుల్లి పిందె ఉన్న ఆడపువ్వుకు అద్దాలి. పిందె నిమ్మకాయంత కాగానే కాగితం సంచి కట్టకపోతే పండు ఈగ గుడ్లు పెడుతుంది, ఏ రకమైనా దీనికి మినహాయింపు లేదు.

కోత దగ్గర పుచ్చకు, ఖర్బూజాకు పద్ధతి వేరు. పుచ్చకు కోశాక తీపి పెరగదు. అందుకే కాయ పక్కన నులితీగ పూర్తిగా ఎండేదాకా, నేలకు ఆనిన తెల్లమచ్చ వెన్న రంగుకు తిరిగేదాకా ఆగుతాను, తట్టి చూసి శబ్దాన్ని నమ్మడం నాకు ఎప్పుడూ కుదరలేదు. కోతకు వారం ముందు నీళ్లు సగానికి తగ్గిస్తాను. శర్బతికి అయితే పండేసరికి తొడిమ చుట్టూ సన్నని పగులు వస్తుంది, బజారుకు పంపే రైతు అంతకుముందే కోయక తప్పదు, మనకు ఆ తొందర లేదు. పోయిన ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మేడ మెట్లెక్కుతుంటేనే వాసన తగిలింది, వెళ్లి కాయ కింద చెయ్యి పెట్టగానే అదే ఊడి చేతిలోకి వచ్చింది. అది కొయ్యకుండా అలాగే నాన్న దగ్గరికి తీసుకెళ్లాను.