చేతి నొప్పికి ఆన్‌లైన్ యోగా కోర్సు కొనేవాళ్ళు ఒక్కసారి చదవండి

మిషన్ కుట్టేవాళ్ళకి మరీ మరీ చెబుతున్నా. ‘21 రోజుల్లో మణికట్టు నొప్పి మాయం’ అన్న కోర్సుకి 1,999 రూపాయలు కట్టి, ఉన్న నొప్పిని ఇంకాస్త పెంచుకున్నాను.

నాది బ్లౌజుల పని. శ్రావణమాసం గిరాకీలో పగలంతా కత్తెర, రాత్రి హుక్కులు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కేవి. అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలించుకుంటే గానీ మళ్ళీ నిద్ర పట్టేది కాదు. సరిగ్గా అప్పుడే ఫోన్లో ఈ ప్రకటన. ‘అమెరికా పరిశోధనలో రుజువైంది’ అని కూడా రాశారు.

తీరా చేరాక మొదటిరోజే సూర్యనమస్కారాలు! అధోముఖ శ్వానాసనంలో ఒంటి బరువంతా అరచేతుల మీద, మణికట్టు వెనక్కి విరుచుకుని. లాగేస్తోందండీ అని చాట్‌లో పెడితే, ‘పాత నొప్పి బయటికి పోతోంది, ఆపకండి’ అన్నారు. నమ్మాను, నాదే బుద్ధి తక్కువ. ఐదో రోజు కాజా కుడుతుంటే సూది వేళ్ళ మధ్య ఉందో లేదో తెలియలేదు. ఒళ్ళో వెతికితే దొరికింది.

డాక్టరు నరాల పరీక్ష చేయించి కార్పల్ టన్నెల్ అన్నారు. మణికట్టులో ఒక ఇరుకు దారి ఉందట. వేళ్ళను వంచే తొమ్మిది స్నాయువులూ, వాటితోపాటు మీడియన్ నరమూ అందులోంచే వెళ్ళాలి. చెయ్యి బాగా వెనక్కి విరిస్తే లోపల ఒత్తిడి పెరిగి ఆ నరం నలుగుతుంది. రాత్రుళ్ళు మణికట్టు నిటారుగా ఉండేలా పట్టీ కట్టుకోమన్నారు, షుగరూ థైరాయిడూ కూడా చూపించుకోమన్నారు.

ఆ అమెరికా పరిశోధన అబద్ధం కాదు, మా అమ్మాయి వెతికింది. 1998లో అక్కడి వైద్య పత్రికలో వచ్చింది. 42 మందిని తీసుకుని, కొందరికి వారానికి రెండుసార్లు చొప్పున 8 వారాలు అయ్యంగార్ పద్ధతిలో 11 ఆసనాలు చేయించారు, మిగతావాళ్ళకి పట్టీ ఇచ్చారు. ఆసనాలు చేసినవాళ్ళకి నొప్పి తగ్గింది, పట్టు పెరిగింది. కాకపోతే అవి భుజాలు, చేతుల కీళ్ళ కోసం ఏర్చికూర్చినవి, చివర్లో విశ్రాంతి కూడా ఉంది. పేరు దాన్ది చెప్పి, మాకు అంటగట్టింది మామూలు బరువు తగ్గే క్లాసు.

కాబట్టి డబ్బు కట్టేముందు ఒకటే అడగండి: చేతుల మీద బరువు వేయిస్తారా, లేదా? తిన్నగా జవాబు రాకపోతే వదిలేయండి.

డబ్బు సంగతి వేరే కథ. ‘ఒక్క క్లాసుకి వచ్చినా తిరిగి ఇవ్వం’ అని నిబంధనల అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. పైగా నెల తిరగ్గానే మళ్ళీ 1,999 కోశారు! మొదట కట్టినప్పుడే ఆటోపేకి ఒప్పుకున్నానట. యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉంటుంది, ఇప్పుడే తెరిచి అక్కర్లేనివి రద్దు చేయండి. నేను 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు చేశాను. ఇంకా తేలలేదు.

నిన్న మా వదిన ఫోన్లో కొత్త ప్రకటన: 21 రోజుల్లో మోకాళ్ళ నొప్పి మాయం. గొంతు అదే.